చక్రాల ఇంటికి తాయెత్తు

కాశింపీరాకు తాయెత్తు కావాల్సి వచ్చింది. తనకు కాదు, తన జీపుకు.

కనుమ దారి పక్కనే చిన్న గుట్ట, గుట్ట మీద దర్గా. ఆ దర్గాను కనిపెట్టుకుని ఉండే మదార్‌సా బాబా కాశింపీరాకు గురువు. ఏ ఉరుసుకు బయల్దేరినా, ఏ తిరునాళ్లకు బయల్దేరినా, కాశింపీరా ముందు గుట్టెక్కి బాబా చేత తల మీద చెయ్యి పెట్టించుకుని గానీ కనుమ దిగడు. గాజులు, బొమ్మలు అమ్ముకునేవాడు. జాతర ఎక్కడుంటే అంగడి అక్కడ. అంగడి ఎక్కడుంటే భార్య హుసేనమ్మ, కూతురు జైనబీ అక్కడ.

ఇన్నాళ్లూ ముగ్గురూ టార్పాలిన్ కిందే పడుకున్నారు. పోయిన వానాకాలం ముసురులో ఆ టార్పాలిన్ కాస్తా కూలిపోయింది. తడిసిన పిల్లకు జ్వరం పట్టుకుంది. పిల్ల లేచి తిరిగేదాకా హుసేనమ్మ మొగుడితో మాట్లాడలేదు. ఆ తర్వాత మాట్లాడింది ఒకటే మాట.

"బిడ్డ నెత్తిన కప్పు లేకుండా నేను మళ్లా గడప దాటను."

కాశింపీరాకు రోషం ఎక్కువ. టౌనుకు పోయి వెల్డింగు షాపులో కూర్చుని ఇల్లే చేయించుకొచ్చాడు. ఇనుప చట్రం, రేకుల గోడలు, తలుపు, కిటికీ. లోపల మంచం, వంటకు గట్టు, గాజుల పెట్టెలకు అరలు. కింద రెండు చక్రాలు. జీపు వెనక కొక్కేనికి తగిలిస్తే ఇల్లు వెంట నడిచి వస్తుంది. చూసినవాళ్లంతా ముక్కున వేలేసుకున్నారు. ఒక్క నారాయణప్ప తప్ప.

నారాయణప్పది రంగులరాట్నం. దాన్ని లాగే పెద్ద బండి ఉంది ఆయనకు. చక్రాల ఇంటిని చూసి, దాని ముందున్న పాత జీపును చూసి, "ఇంత ఇల్లు కట్టినోడివి, దానికి తగిన బండి చూసుకోవద్దా కాశిం?" అన్నాడు. అంతే. ఓర్వలేక అన్నాడని కాశింపీరా ఆ పూట నుంచి నారాయణప్పతో మాటలు మానేశాడు. మంచి చెప్పినవాడి మీద అలగడం ఎంత సులువో!

ఇల్లంతా సర్దుకుని మొదటి ప్రయాణానికి బయల్దేరాడు. జీపు మూలుగుతూ గుట్ట ఎక్కింది. దర్గా ముందున్న చదునులో దిగే దారి వైపు తిప్పి ఆపి, చేతులు కట్టుకుని బాబా ముందు నిలబడ్డాడు. మొహం వెలిగిపోతోంది.

"బాబా, గట్టి తాయెత్తు ఒకటి కట్టియ్యండి. స్టీరింగుకు కడతా. కనుమ దిగాల."

బాబా సంచీలోంచి నల్లదారం తీశాడు. తీసినవాడు కట్టకుండా ఆ ఇంటి చుట్టూ తిరిగాడు. చక్రం మీద చెయ్యి పెట్టి నొక్కాడు. కొక్కేన్ని కదిపి చూశాడు. కిటికీలోంచి తొంగి చూస్తే, మంచం మీద జైనబీ నిద్రపోతోంది.

"ఎంత బరువుంటాది నాయనా?"

"తూకం ఏయించినా బాబా. మన జీపు నవ్వుకుంటా లాగుతాది."

"ఎప్పుడు ఏయించినావు?"

"షాపులోంచి బయటికి తెచ్చిన రోజు."

వెనక నుంచి హుసేనమ్మ అందుకుంది. ఎన్నాళ్ల నుంచి ఆపుకుందో ఏమో.

"ఆ పొద్దు దాంట్లో ఏముండె బాబా, గాలి తప్ప? నీళ్ల డ్రమ్ము లేదు. గ్యాస్ బండ లేదు. రుబ్బురోలు లేదు. గాజుల పెట్టెలు లేవు. మేము లేము. ఖాళీ డబ్బాను తూకమేసి, ఇల్లు తూకమేసినా అని ఊరంతా చెప్పుకుంటాండాడు. దాంట్లో సంసారం చేసేది నేను. ఏమేమి పెడతావని నన్ను ఒక్క మాట అడిగినాడేమో అడగండి."

"నువ్వుండు! పెద్దల ముందర ఏంది ఆ నోరు?" కాశింపీరా కస్సుమన్నాడు. "లాగిందా లేదా? ఇంత గుట్ట ఎక్కిందా లేదా?"

"ఎక్కింది లే. ఇందాక వంక కాడ దిగేటప్పుడు ఏమైందో అది గూడా చెప్పు బాబాకు."

కాశింపీరా జీపు వైపు తిరిగాడు. ఆమే చెప్పింది.

"ఇల్లు జీపును నూకింది బాబా. బ్రేకు మీద నిలబడినంత పని చేసినాడు. అయినా ఆగలా. ముందర మిట్ట ఉండబట్టి నిలబడింది. ఇంటికి దానిదంటూ బ్రేకు లేదు. అంత బరువునూ ఈ చిన్న జీపే పట్టుకోవాల."

గురువు ముందు పెళ్లాం పరువు తీసిందని కాశింపీరాకు ఒళ్లు మండిపోయింది. అందరూ ఆ నారాయణప్ప లాంటివాళ్లే. బాగుపడితే చూడలేరు.

"నేను ఎందుకు వచ్చినట్లు మరి ఇక్కడికి? అందుకే గదా తాయెత్తు అడుగుతాండేది!" అని అరిచాడు.

మదార్‌సా బాబాకు కోపమే రాదని ఆ చుట్టుపక్కల పెద్ద పేరు. ఆ పేరు ఆ రోజుతో పోయింది. ఆయన మొహం ఎర్రగా కందిపోయింది. చేతిలోని నల్లదారాన్ని తిరిగి సంచీలో కుక్కి, దాని మూతి బిగించాడు. దర్గా గోడకు ఆనించి ఉన్న చాప చంకన పెట్టుకుని గుట్ట దిగడం మొదలుపెట్టాడు. ముసలాయన అంత గబగబా నడవడం వాళ్లెప్పుడూ చూడలేదు.

గుట్ట దారి కింద రోడ్డులో కలిసే చోట ఆగాడు. దారికి సరిగ్గా నడిమధ్య చాప పరిచి, గుట్ట వైపు మొహం పెట్టి, కూర్చున్నాడు.

"ఇంక దించు!" అని కేకేశాడు.

కాశింపీరాకు మొదట అర్థం కాలేదు. "పక్కకు జరగండి బాబా!"

"ఎందుకు జరగాల? తాయెత్తు మహిమ మీద వస్తాండావు గదా. ఆ తాయెత్తు కట్టేవాడే ఇక్కడ కూర్చున్నాడు. రా, దించు!"

దించితే దించుతా, నాకేమన్నా భయమా అనుకున్నాడు కాశింపీరా. విసురుగా జీపెక్కాడు. ఇంజను స్టార్టు చేశాడు. ముందు అద్దంలోంచి చూస్తే దారి వాలుగా జారిపోతోంది, దాని చివర తెల్లటి గడ్డం కనిపిస్తోంది. వెనక కొక్కెం కిర్రుమంది. వంక దగ్గర కూడా ముందు ఇట్లాగే కిర్రుమంది. బ్రేకు మీద పెట్టిన కాలు తీద్దామనుకున్నాడు. ఆ కాలు తన మాట వినలేదు.

ఇంజను ఆపేసి కిందికి దూకాడు. పరుగెత్తుకుంటూ బాబా దగ్గరికి పోయాడు. నోరు మాత్రం ఇంకా తగ్గలేదు.

"ఇదేం పని బాబా! దువా అడిగేదానికి వస్తే ఇట్లనా చేసేది? మీకేమన్నా అయితే నేనేం గావాల? గురువును తొక్కి చంపినాడని జనం నా మొహాన ఉమ్మెయ్యరా? అది ఆగదని తెలిసి తెలిసి ఎట్ల కూర్చుంటారు అడ్డంగా?"

అన్నాక గానీ తానేమన్నాడో అతనికే వినపడలేదు. గుట్ట మీద నుంచి హుసేనమ్మ కూడా వింది. బాబా తలెత్తి చూశాడు. కోపం ఇంకా అట్లాగే ఉంది ఆ కళ్లలో.

"నాకేమైతాది? బండి వచ్చేది కండ్లకు కనపడతాది. లేచి పక్కకు పోతా. లోపల నిద్రపోయే బిడ్డకు ఎవరు చెప్తారు?"

కాశింపీరా వెనక్కి తిరిగి పైకి చూశాడు. అంత దూరం నుంచి ఆ ఇల్లు అగ్గిపెట్టెలా కనిపించింది. కిటికీకి హుసేనమ్మ కుట్టిన పువ్వుల పరదా గాలికి ఊగుతోంది.

గుట్ట ఎక్కాడు. ఈసారి పరుగెత్తలేదు. దర్గా వెనక నుంచి రెండు పెద్ద రాళ్లు మోసుకొచ్చి చక్రాల కింద పెట్టి, కాలితో తన్ని బిగించాడు. ముందు భాగం వాలకుండా కింద ఒక మొద్దు ఆనించాడు. కొక్కెం విప్పాడు. హుసేనమ్మ తలుపు దగ్గరే నిలబడి చూస్తోంది. ఆమె మొహం చూడకుండానే అడిగాడు.

"నారాయణప్ప ఆ పెద్ద బండితో ఏ ఊర్లో దిగినాడో తెలుసునా?"

ఆమె ఊరి పేరు చెప్పింది.

జీపు ఒక్కటే గుట్ట దిగింది. అది దగ్గరికి వచ్చేదాకా బాబా కదలలేదు. వచ్చి తన ముందు ఆగాక లేచి, చాప దులిపి చుట్టుకుని, పక్కకు జరిగి దారి ఇచ్చాడు.