ఇద్దరు ఓబన్నల ఎరుపు

అద్దకం పని చేసే ఓబన్న ఎన్నిసార్లు ఉతికినా వెలవని ఎరుపును కనిపెట్టాడు. ఆ రంగు చేసే హక్కును రాజు ఓబన్న పేర రాగిరేకు మీద రాయిస్తే, అదే పేరున్న ఆస్థాన వైద్యుడు దాన్ని కాజేశాడు.

"రంగు చేసిన ఓబన్నను నేనే," అన్నాడు నిండు సభలో.

అద్దకపు ఓబన్న చేతులు కట్టుకున్నాడు. "అలాగే కానివ్వండి. ఆ రంగు ఆవిరికి ముగ్గురు కూలీలు పోయారు. రోజూ పొద్దుగూకేసరికి మా గుమ్మం ముందుకొచ్చి ఓబన్నను పిలుస్తున్నారు. ఇక వాళ్లకు తమరి ఇల్లు చూపిస్తాను."

అంతలో బయట ఎవరో "ఓబన్నా" అని పిలిచారు. వైద్యుడు గబగబా రేకును అద్దకపువాడి చేతిలో పెట్టేశాడు.

ఓబన్న నవ్వుకుంటూ ఇల్లు చేరాడు. బయట నిలబడి పిలవమని తను పురమాయించిన అన్న జ్వరంతో మంచం మీదే ఉన్నాడు. "రాలేకపోయానురా," అన్నాడు.

వాకిట్లో అదే గొంతు మళ్లీ పిలిచింది.