ముందు మీ ఫైలు

ఫ్లాపీల కాలంలో, ముంపు గ్రామాల పునరావాస కార్యాలయంలో ఒక పాత కంప్యూటర్ ఉండేది. ఇళ్లు పోయిన నాలుగు వందల కుటుంబాల వివరాలను, ఆఫీసు సిబ్బంది సర్వీసు ఫైళ్లను చోటు చాలక అందులో కుదించి దాచారు.

కొత్త అధికారి మార్తాండరావు, "ఫైళ్లన్నీ కొత్త కంప్యూటర్‌లోకి ఎక్కించాంగా. పాతదాన్ని చెరిపేసి తుక్కుకి పంపు" అన్నాడు.

"కుదించినవాటిని విప్పడం కొత్తదానికి రాదండీ," అంది టైపిస్టు సూరీడమ్మ. ఆమెదీ మునిగిన ఊరే.

"నాకే నేర్పుతావా?" అని కసిరాడు.

"అలాగే చెరిపేస్తానండీ. మొదట మీ సర్వీసు ఫైలు చెరిపేస్తాను. కొత్తదాంట్లో ఒక్కసారి తెరిచి చూసుకుని, సరే అనండి."

ఆయన తెరిచాడు. తెర నిండా పిచ్చి గుర్తులే. తన ముప్పై ఏళ్ల ఉద్యోగంలో ఒక్క అక్షరం కూడా కనిపించలేదు.

"పాతదాంట్లోనే విప్పి, అప్పుడు ఎక్కించమ్మా," అన్నాడు చివరికి. "ముందు ఆ కుటుంబాలవి. నాది ఆఖర్న."