గొట్టంలో ఊరు

మనిషి ఒంట్లో ఒక క్రిమి కొట్టుకుపోతోంది. దానికి ఇల్లు లేదు. ఒంటరిగా దొరికితే మందు చంపుతుంది, లేదా నెత్తుటిలోని కావలివాళ్ళు మింగుతారు.

నేతపని చేసే గవరయ్యకు మూత్రం ఆగిపోతే ఆస్పత్రిలో గొట్టం వేశారు. ఆ గొట్టం లోపలి గోడ క్రిమికి దొరికింది. అతుక్కుంది. వెనకాలే ఇంకోటి వచ్చింది.

"ఇక్కడ ఉండొచ్చా?"

"ఉండు. కాస్త జిగురు వెయ్యి."

వచ్చినవన్నీ తమ వంతు జిగురు వేశాయి. గోడలు లేచాయి. గోడల మధ్య సందులు, సందుల్లో నీళ్ళు. ఊరయింది. కొన్నే ఉన్నంతకాలం ఏదీ నోరెత్తలేదు. ఒకదాని వాసన ఒకటి పసిగడుతూ కాచుకున్నాయి. చాలినన్ని అయ్యాక అన్నీ ఒక్కసారే విషం కక్కాయి.

గవరయ్యకు చలిజ్వరం వచ్చింది.

డాక్టరు మంచి మందే రాశాడు. ఊరి పొలిమేరలోని క్రిములు చచ్చాయి. నడిమధ్యవి తిండి మానేసి నిద్రపోయాయి. తినని వాళ్ళకు విషం ఎలా పెడతారు? జ్వరం దిగింది, మందు ఆపారు. పడుకున్నవి లేచి, కూలిన గోడలు మళ్ళీ కట్టుకున్నాయి.

ఈసారి జ్వరం గవరయ్య తలకెక్కింది. మగ్గం మీద ఉన్నట్టు గాలిలో చేతులు ఆడిస్తున్నాడు. మళ్ళీ మందు మొదలుపెట్టారు. దిగలేదు.

"మందెక్కుతుండగానే ఈ జొరమేటమ్మా? మనిషి దక్కుతాడా?" అంటూ గవరయ్య భార్య వెళ్ళి నర్సు రూతమ్మ చెయ్యి పట్టుకుంది.

రూతమ్మ గొట్టాన్ని వెలుతురుకు పెట్టి చూసింది. లోపల తెల్లగా పేరుకుని ఉంది.

"సార్, గొట్టం తీసేద్దామండి."

"ఇంకా గట్టి మందు ఇస్తే?" అన్నాడు డాక్టరు.

"మందు లోపలి క్రిముల దాకా వెళ్తే కదండీ. పాచి పట్టిన కుండలో నీళ్ళు ఎన్నిసార్లు మారిస్తే ఏం లాభం?"

డాక్టరు కాసేపు గవరయ్య చేతుల వైపు చూశాడు. "సరే, తియ్యి," అన్నాడు.

ఊరికి ఊరు చెత్తసంచిలో పడింది. కొత్త గొట్టం వేశారు. దాని గోడ నున్నగా, ఖాళీగా ఉంది. ఒంట్లో మిగిలిన క్రిములకు దాక్కునే చోటు లేదు. ఆ పాత మందుకే చచ్చాయి. మూడోనాడు గవరయ్య కళ్ళు తెరిచి గంజి అడిగాడు. భార్య అతన్ని తిడుతూ, ఏడుస్తూ తాగించింది.

డాక్టరు కాగితం మీద రాశాడు: "మందు బాగా పనిచేసింది."

రూతమ్మ అది చదివింది. పక్క మంచం దగ్గరికి వెళ్ళింది.

"పెద్దాయనా, నీకీ గొట్టం వేసి ఎన్నాళ్ళయింది?"

"గుర్తులేదమ్మా. నాకు జొరం లేదు, బానే ఉన్నాను."

ఆమె చేతి తొడుగులు వేసుకుంది.