మజ్జిగ మర్యాద

ఉరుసు పందిట్లో జనం నవ్విన నవ్వు మర్నాటి పొద్దుటికి కూడా సుభాన్ చెవుల్లోంచి పోలేదు.

పెన్న ఒడ్డు పల్లెల్లో నూరుల్లా బాబా పేరు మీద బడులు నడిచేవి. నడిపేది ఆయన శిష్యులే. ఓపిక, ప్రార్థన, నాలుక అదుపు బాబా దగ్గర నేర్చుకున్నారు. లెక్కలు మాత్రం ఎవరికి వాళ్లు ఎక్కడో నేర్చుకొచ్చినవి. ఎవరికి తోచినట్టు వాళ్లు చెప్పేవాళ్లు. ఏటా ఉరుసులో అన్ని బడుల పిల్లల్నీ నిలబెట్టి జనం ముందు ప్రశ్నలడగడం ఆనవాయితీ.

సుభాన్ బడి పిల్లలు టకటకా చెప్పారు. దస్తగిరి బడి పిల్లల్ని పదిహేడు రొట్టెలు ఐదుగురికి పంచమంటే ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చివరికొకడు ధైర్యం చేసి, "తలా ఎనభై ఐదు" అన్నాడు. అబ్బో, పందిరి ఎగిరిపోయేంత నవ్వు! ఆ పిల్లల తండ్రులు మాత్రం నవ్వలేదు. "ఇంక గొర్రెల ఎనక పంపిస్తాం బాబా. ఈ చదువు మాకొద్దు" అని లేచి వెళ్లిపోయారు.

దస్తగిరి తల దించుకుని పందిరి గుంజ పక్కన అలాగే నిలబడిపోయాడు.

మర్నాడు పొద్దున్నే సుభాన్ బాబా ముందుకొచ్చి కూర్చున్నాడు.

"దస్తగిరిని తీసేయండి బాబా. మంచోడే, కాదన్ను. మంచితనంతో లెక్కలొస్తాయా? మీ పేరు చెడుతోంది. ఆ ఊరి బడి మూతపడుతుంది. నా శిష్యుణ్ణొకణ్ణి అక్కడికి పంపిస్తాను. అన్ని బడుల్లో నేను చెప్పినట్టే చెప్పాలని మీరొక్క మాట అనండి, చాలు."

బాబా పళ్లపుల్ల నములుతూ విన్నాడు. "ఆయన పాఠం ఎట్లుంటుంది?" అని అడిగాడు.

"నేనెప్పుడు విన్నాను బాబా? ఇంకొకరి బడిలో తొంగిచూడటం మర్యాదా?"

నిజమే, వాళ్లలో ఆ కట్టుబాటు ఉంది. ఒక గురువు ఇంకొక గురువు బడికి వెళ్తే గడప బయటే నిలబడి దగ్గాలి. ఆ దగ్గు వినగానే లోపలాయన పాఠం ఆపేయాలి. పిల్లలు లేచి సలాము చెయ్యాలి. వచ్చినాయనకు చాప వేసి, మజ్జిగ ఇచ్చి, క్షేమసమాచారాలు అడిగి సాగనంపాలి. ఆయన వీధి మలుపు తిరిగాకే మళ్లీ పాఠం. ఇందులో సుభాన్‌ను మించినవాడు లేడని చుట్టుపక్కల పేరు. ఆయన ఇచ్చే మజ్జిగలో అల్లం, కొత్తిమీర కూడా ఉండేవి.

బాబా పుల్ల పారేసి లేచాడు. "పద. చూసొద్దాం."

దస్తగిరి బడిలో పిల్లలు సగానికి సగం లేరు. సుభాన్ గడప దగ్గర దగ్గాడు. దస్తగిరి బాబాను చూసి గబుక్కున లేచాడు. పాఠం ఆపి, పరుగున వెళ్లి చాప తెచ్చి ముందు పరిచాడు.

బాబా ఆ చాప వైపు చూడను కూడా లేదు. నేరుగా వెనక వరుసలోకి వెళ్లి, ముక్కు కారుతున్న ఇద్దరు పిల్లల మధ్య మట్టినేల మీద కాళ్లు మడుచుకుని కూర్చున్నాడు. పక్కపిల్ల చేతిలోంచి విరిగిన పలక ముక్క తీసుకుని ఒళ్లో పెట్టుకున్నాడు.

"ఆపినావేం నాయనా? చెప్పు."

దస్తగిరి పిల్లల వైపు తిరిగాడు. ఎలాగో మొదలుపెట్టాడు. భాగహారం సూత్రం గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పాడు.

"నాకు రాలేదు. మళ్లీ చెప్పు" అన్నాడు బాబా.

దస్తగిరి మళ్లీ అదే అప్పజెప్పాడు, ఈసారి ఇంకొంచెం గట్టిగా.

బాబా పలక మీద ఏదో గీసి, చెరిపి, తల అడ్డంగా ఊపాడు. "ఊహూ. రాలేదు."

సుభాన్‌కు బాబా నాటకం ఆడుతున్నాడనిపించింది. దగ్గరకెళ్లి ఒంగి, "ఎందుకు బాబా పాపం ఆయన్ని..." అని గొణిగాడు.

బాబా తలెత్తాడు. ఆ కళ్లలో పరిహాసం లేదు.

"నాకు నిజంగానే భాగహారం రాదు నాయనా. చిన్నప్పుడు ఎవరూ చెప్పలేదు. చేతిలో ఉన్నదంతా ఇచ్చెయ్యడం తెలుసు గానీ లెక్కగా పంచడం తెలీదు. నేర్చుకుందామనే కూర్చున్నా."

సుభాన్ ఆయన్నే చూశాడు. జమీందార్లు చెప్పులు విడిచి వంగే మనిషి! కరువొచ్చినా వరదొచ్చినా జనం ముందు పరుగెత్తుకొచ్చేది ఆయన దగ్గరికే. ఆ మనిషి తెల్లటి గడ్డం పలక మీద వాలేట్టు ఒంగి, పక్కపిల్ల ఎలా రాసిందో చూసుకుంటున్నాడు. నాకు రాదు అని ఇంతమందిలో చెప్పడానికి ఆయనకు సిగ్గన్నదే లేదు. తనకైతే ప్రాణం పోయినా ఆ మాట నోట రాదు.

సుభాన్ తెలియకుండానే నేల మీద కూలబడ్డాడు. బయట రాలిన చింతగింజలు గుప్పెడు తెమ్మని పిల్లలకు చెప్పాడు. ఐదుగురు పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టి, పదిహేడు గింజలు లెక్కపెట్టి, ఒక్కొక్కరికీ ఒక్కో గింజ వేస్తూ తిరిగాడు. తన బడిలో చెప్పేది ఇలాగే. బాబా మోకాళ్ల మీద ముందుకు జరిగాడు. దస్తగిరి రెప్ప వెయ్యకుండా చూస్తున్నాడు.

"తలా మూడు!" అని పిల్లలు అరిచారు. వాళ్లతో పాటు బాబా కూడా అరిచాడు.

బాబా పక్కనున్న పిల్ల ఊరుకోలేదు. "మరి ఆ రెండు ఎవురికి సార్?"

సుభాన్ చేతిలో మిగిలిన రెండు గింజల వైపు చూశాడు. శేషం, పక్కన పెట్టు అనడమే ఆయనకు తెలుసు. ఎవరికి అని ఆయన బడిలో ఏ పిల్లా అడగలేదు. అడగాలన్న ధైర్యమే ఎవరికీ లేదని ఇప్పుడు తట్టింది.

దస్తగిరి నవ్వాడు. పొద్దుట్నుంచి అదే మొదటి నవ్వు. "మంచి మాట అడిగినావు తల్లీ. అందరూ ఆలోచించండి. ఎవురికిద్దాం?"

అంతే, బడంతా గోల. ఒకరు రొట్టె తుంచి పంచాలన్నారు, ఒకరు ఆకలెక్కువున్నోళ్లకన్నారు. సుభాన్ నోరు తెరుచుకుని వింటూ ఉండిపోయాడు. తన బడి ఎప్పుడూ ఇంత బతికి లేదు.

పాఠమయ్యాక దస్తగిరి లోపలికెళ్లి మజ్జిగ చెంబుతో వచ్చాడు.

"ఇప్పుడు ఇదంతా ఎందుకు దస్తగిరీ" అన్నాడు సుభాన్.

"అట్లంటే ఎట్లన్నా? నేనొచ్చినప్పుడల్లా నువ్వివ్వలేదా?"

సుభాన్‌కు గుర్తొచ్చింది. దస్తగిరి ఎండన పడి చాలాసార్లే వచ్చాడు. "అవును, వచ్చేవాడివి. ఎందుకొచ్చేవాడివి?"

దస్తగిరి చెంబు వైపు చూస్తూ నెమ్మదిగా చెప్పాడు. "ఇదే చూద్దామని. భాగహారం నువ్వెట్ల చెప్తావో ఇందామని వచ్చేవాణ్ణి. నేను దగ్గంగానే ఆపేసి మజ్జిగిచ్చేవాడివి. తాగి ఇంటికి పోయేవాణ్ణి."

సుభాన్ మజ్జిగ తాగకుండా పక్కన పెట్టాడు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. బాబా మాత్రం తన వాటా గటగటా తాగి, మీసం తుడుచుకుని, "రేపు కూడా వస్తా దస్తగిరీ. నాకింకా పూర్తిగా రాలేదు" అన్నాడు. ఇంటికి వెళ్లే దారిలో దస్తగిరిని తీసేసే మాట ఇద్దరూ ఎత్తలేదు.

కొద్దిరోజుల తర్వాత సుభాన్ బడి గడప బయట ఎవరో దగ్గారు. అలవాటు కొద్దీ పిల్లలు లేవబోయారు.

సుభాన్ చేతిలో గింజలు అలాగే పట్టుకుని, వెనక్కి తిరక్కుండానే అన్నాడు.

"కూర్చోండి. నువ్వూ వచ్చి కూర్చో తమ్ముడూ. నేనేదన్నా తప్పు చెప్తే ఆపు. మజ్జిగ తర్వాత."