కుందేలు కాచిన కషాయం

అనగనగా, వాగు మలుపు దాటాక ఒక అడవి. అందులో సింగారి అనే కుందేలు ఉండేది. వాళ్ళమ్మ పోయి అప్పటికి ఏడాది. అమ్మ నాటిన దవనం మొక్క ఒక్కటే బొరియ ముందు మిగిలింది. అమ్మ ఒళ్ళంతా ఎప్పుడూ దవనం వాసనే. అందుకే సింగారి పొద్దున లేవగానే ఆ ఆకుల్లో ముక్కు పెట్టి కళ్ళు మూసుకునేది. కాసేపు అమ్మ పక్కనే ఉన్నట్టుండేది. ఆ కాసేపటి కోసమే ఎప్పుడు తెల్లారుతుందా అని ఎదురుచూసేది.

ఒకరోజు చూస్తే చిగుళ్ళ నిండా పేనుబంక. ఆ సన్నటి పురుగులు రసం పీల్చేస్తుంటే ఆకులు ముడుచుకుపోతున్నాయి. సింగారి గబగబా బొరియలోకి పరిగెత్తింది. మిరపకాయలు, వెల్లుల్లి, కుంకుడుకాయలు దంచి ముంతెడు కషాయం కాచింది. కుందేలుకి పొయ్యి ఎక్కడిదని అడక్కండి పిల్లలూ, కథలో అన్నీ ఉంటాయి.

అటుగా వచ్చిన ముంగిస మామ ఆ ఘాటుకి తుమ్మాడు.

"ఇంత చిక్కగానా అమ్మాయీ? బాగా నీళ్ళు కలుపు. ముందు ఒక్క ఆకు మీద చల్లి రేపటిదాకా చూడు."

"ఇంట్లో చేసిందేగా మామా, ఏం చేస్తుంది?" అంది సింగారి.

"మిరపకాయ కూడా ఇంట్లోదే. కంట్లో పెట్టుకుంటావా?"

సింగారి మూతి ముడుచుకుంది.

కొమ్మ మీద ఎర్ర వీపు, నల్ల చుక్కల అక్షింతల పురుగు ఒకటి ఉంది. "అక్కా, ఈ పేనుబంకే మాకు తిండి. మావాళ్ళందరూ వచ్చారు. నాలుగు రోజులు ఓపిక పట్టు," అంది.

"అమ్మ వాసన లేకుండా నాకు ఒక్కపూట గడవదు," అంది సింగారి.

మిట్టమధ్యాహ్నం ఎండలో ముంతెడూ కుమ్మరించేసింది. పేనుబంక రాలింది. అక్షింతల పురుగులూ రాలిపోయాయి.

తెల్లారేసరికి ఆకులు మాడి నల్లబడ్డాయి. సింగారి వాగుకి తిరిగి తిరిగి నీళ్ళు తెచ్చి పోసింది. మూడో రోజుకి కాడ కూడా ఎండిపోయింది.

"మళ్ళీ చిగురెయ్యదా మామా?"

ముంగిస మామ వేరు దగ్గర గోకి చూశాడు. "వెయ్యదమ్మా. ఇంకో దవనం తెచ్చిస్తానులే."

"అది అమ్మ నాటింది కాదుగా," అంది సింగారి.

సింగారి ఆ ఎండుకొమ్మల్లో ముక్కు పెట్టి కళ్ళు మూసుకుంది. గట్టిగా గాలి పీల్చింది. వెల్లుల్లి ఘాటు తప్ప ఇంకేమీ రాలేదు.

నీతి: ఇంట్లో కాచినా మందు మందే. మొక్క మీద ఎంత ప్రేమ ఉన్నా ముందు ఒక్క ఆకు మీద వేసి, ఆగి చూడాలి.