చేట చప్పుడు

సులోచనా, నువ్వు రాసిపెట్టమన్న ఈ కథలో ఏది ముందు, ఏది వెనక అన్నది నేను కాస్త తారుమారు చేస్తానేమో. వాన పడ్డాక ఉచ్చులు కనబడ్డాయో, ఉచ్చులు కనబడ్డాక వాన పడిందో ఇప్పుడు గట్టిగా చెప్పలేను. చేట సంగతి మాత్రం చెప్పగలను.

మా వైపు నాగమాంబ అని ఒక గురువమ్మ ఉండేవారు. ఎవరైనా వచ్చి సందేహం అడిగితే వెంటనే జవాబు చెప్పే అలవాటు ఆమెకు లేదు. చేతిలో పని ఏదుంటే అది చేసుకుంటూ చివరిదాకా వినేవారు. విని, "సరే, చూద్దాం" అనేవారు. ఆ చూడడం కొందరికి మరునాడే అయ్యేది, కొందరికి మరుసటి ఏడు.

ఆమె శిష్యురాళ్లలో తిరుపాలమ్మ ఒకతె. ఆమెకూ భర్త రంగయ్యకూ నల్లమల అంచున నిమ్మతోట ఉండేది. కంచె దాటితే అడవే. ఒక ఏడు ఎండలకు పచ్చిక మాడి, వాగు ఇంకిపోయి, డొక్కలు ఎండిన దుప్పులు కంచె దాకా వచ్చి నిలబడేవి. చూసి తిరుపాలమ్మ ఊరుకోలేకపోయింది. మేకలను పెంచిన మనిషి గనుక, గడ్డి తినే కడుపుకు గింజ ఒక్కసారిగా పడదని, పొట్ట ఉబ్బి చస్తాయని ఆమెకు తెలుసు. అందుకని మొదట ఎండుగడ్డి వేసి, అందులో గుప్పెడు జొన్నలు కలిపి, మెల్లమెల్లగా పెంచింది. పొద్దు వాలే వేళ కంచె దగ్గర నిలబడి చేట వెనక టపటపా తట్టేది. కొన్నాళ్లకు ఆ చప్పుడు వినగానే పొదల్లోంచి దుప్పులు బారుగా వచ్చేవి. చెవి చీలిన ఆడదుప్పి ఒకటి అన్నిటికన్నా ముందొచ్చి, ఆమె చేతిలో ఉన్న చేటలోనే మూతి పెట్టేది. దానికి సింగారి అని పేరు పెట్టుకుంది.

"నాకు సంగటి పెట్టేటప్పుడు చేట కొట్టవేం?" అని రంగయ్య ఎగతాళి చేసేవాడు.

"నువ్వు పిలవకముందే వస్తావు గదా" అనేది ఆమె.

వానలు పడ్డాయి. అడవి పచ్చబడింది. అయినా ఆమె చేట తడుతూనే ఉంది, అవి వస్తూనే ఉన్నాయి. ఆ రోజుల్లోనే వాగు పక్కన ఎవరో బిగించిన ఉచ్చులు రంగయ్య కంటబడ్డాయి. పీకి పారేసి వచ్చి, ఇక గింజలు మానెయ్యమన్నాడు, వాటిని అడవిలో మేయనియ్యమన్నాడు. తిరుపాలమ్మకు మనసొప్పలేదు. ఉచ్చులున్న అడవిలో తిరిగేకన్నా తన కళ్లముందు ఉండడమే వాటికి క్షేమమని ఆమె వాదన. మొగుడు ఆ మాట వినకపోయేసరికి గురువమ్మ దగ్గరికి పోయింది.

"అమ్మా, నేను మానేస్తే సింగారి నన్ను మరిచిపోతుంది. పెంచుకున్న ప్రేమను తెంచుకోమనడం న్యాయమా?"

గురువమ్మ చింతపండులో గింజలు తీస్తూ విన్నారు. అవి నిన్ను అంతగా గుర్తుపడతాయా అని మాత్రం అడిగారు. తిరుపాలమ్మ మొహం వెలిగింది. తన అడుగుల చప్పుడు పోల్చుకుంటాయని, కొత్తమనిషి నీడ పడితే చాలు మాయమైపోతాయని, సింగారికైతే తన చీర వాసన కూడా తెలుసునని చెప్పుకుపోయింది.

"సరే, చూద్దాం" అన్నారు గురువమ్మ.

మరునాటి సాయంత్రమే ఆమె తోటకు వచ్చారు. తిరుపాలమ్మను మోటారు కొట్టంలో కూర్చోబెట్టి, పిలిచేదాకా బయటికి రావద్దన్నారు. జొన్నలు పోయబోతే వద్దని, ఉత్త చేట తీసుకొని కంచె దగ్గరికి పోయి తట్టారు.

కిటికీలోంచి చూస్తున్న తిరుపాలమ్మ లోలోపల నవ్వుకుంది. రావు. ఎందుకొస్తాయి?

పొద కదిలింది. సింగారే ముందు. గురువమ్మ చీర వేరు, వాసన వేరు, నిలబడే తీరు వేరు. సింగారి కాస్త ఆగి, మెడ సాచి, వచ్చి చేటలో మూతి పెట్టింది. గురువమ్మ కొంగు చివర తీసి దాని మెడ చుట్టూ వదులుగా తిప్పి, గుప్పిట పట్టుకున్నారు. దుప్పి తల ఎత్తలేదు. లేని గింజల కోసం చేటను నాకుతూనే ఉంది.

తిరుపాలమ్మకు వాగు పక్కన ఉచ్చులు కళ్లముందు కదిలాయి. పిలుపు కోసం ఆగలేదు, పరుగున వచ్చింది. అప్పటికే గురువమ్మ కొంగు వదిలేసి పక్కకు జరిగారు. దుప్పులు బెదరలేదు. ఈమెనూ చూశాయి, ఆమెనూ చూశాయి, చేట ఎవరి చేతిలో ఉంటే అటు జరిగాయి.

తిరుపాలమ్మ చేట లాక్కొని కంచె రాటకేసి బాదింది, వెదురు చీలిపోయేదాకా బాదింది. మట్టిబెడ్డలు తీసి విసిరింది. మంద చెదిరి అడవిలో పడింది. సింగారి మాత్రం పొద దగ్గర ఆగి వెనక్కి చూసింది. దాని కాళ్ల దగ్గర ఇంకో బెడ్డ పడింది. అప్పుడు పోయింది.

తర్వాత కూడా చాలా సాయంత్రాలు దుప్పులు వచ్చాయి. వచ్చినప్పుడల్లా ఆమే తరిమింది. ఆ ఇంట్లో చేట పని మానేశారు, బియ్యం పళ్లెంలో పోసుకొని ఏరుకునేవారు. రంగయ్య కూడా సంగటి ముందు కూర్చొని ఎగతాళి చెయ్యడం మానేశాడు.

చలి మొదలయ్యాక ఒకనాడు తిరుపాలమ్మ గురువమ్మ దగ్గరికి పోయింది. కంచె పక్కన నడుస్తుంటే సింగారి కనబడిందట. తన అలికిడికి చెవులు నిక్కించి, ఒక్క గెంతుతో మాయమైపోయిందట. అది నవ్వుతూ చెప్పాలని పోయిన మనిషి, చెప్పబోతూ కొంగు నోట్లో కుక్కుకుంది.

"నేనెవరో మరిచిపోయిందమ్మా."

గురువమ్మ ఆమెను పక్కన కూర్చోబెట్టుకున్నారు.

"నువ్వు పెట్టినవాటిలో ఆ మరుపే దానికి ఒంటబట్టింది తల్లీ. గుర్తుపెట్టుకోవడం నువ్వు చూసుకో."

సులోచనా, ఇది చదివాక మనుషుల పేర్లు ఒకసారి సరిచూడు. గురువమ్మది నాగమాంబో, నాగరత్నాంబో మీ అమ్మకు తెలిసుంటుంది. సింగారి పేరు చూడక్కర్లేదు.