పేరిందేవమ్మా, దొర చెంచాలూ

అనగనగా సముద్రం ఒడ్డున ఒక ఊళ్ళో పేరిందేవమ్మ అని ఒక పెద్దావిడ ఉండేది. ఆవిడ ఇంట్లో బంతి భోజనమంటే మాటలు కాదు. విస్తరి కొస ఎడమవైపుకే ఉండాలి. ఎడం చెయ్యి అన్నాన్ని తాకకూడదు. ఆఖరి మనిషి మజ్జిగన్నం తినేదాకా ఎవరూ లేవకూడదు. బంతిలో మొదటి పీట ఆవిడదే.

అప్పుడేమైంది, ఆ ఊరి దొర ఓడెక్కి వాళ్ళ దేశం పోతూ సామాను వేలం వేశాడు. కోడలు నాంచారమ్మ ఒక బల్లా, పెట్టెడు చెంచాలూ, ముళ్ళ చెంచాలూ కొనిపించింది. తళతళా వెండిలాగే ఉన్నాయి.

"ఇకనుంచి బల్ల మీదే భోజనం అత్తయ్యా. ముళ్ళ చెంచా ఎడం చేత్తో పట్టుకోవాలిట."

"ఎడం చేత్తోనా! పైగా ఆ దొర ఎంగిలి చెంచా నేను నోట్లో పెట్టుకోవాలా?"

"చేత్తోనే తింటానంటే వంటింట్లో తినండి మరి."

ఆ మాట ముల్లులా దిగింది. పేరిందేవమ్మ విస్తరి తీసుకుని వంటింట్లో ఒక్కతే కూర్చుంది. తనను పిలిచి మొదటి పీట వేసేదాకా వాళ్ళతో కలిసి తినకూడదని మనసులో ముడేసుకుంది. ఆవిడ వేసిన ముడి అంత తేలిగ్గా ఊడదు తల్లీ.

ఆ తర్వాత ఉప్పుగాలికి చెంచాలు నల్లబడ్డాయి. ఇంతలో జడ్జీగారి భార్య భోజనానికి వస్తోందని కబురొచ్చింది. నాంచారమ్మ ఇత్తడి బిందెను తోమినట్టే వాటిని చింతపండుతో తోమింది. కాస్త మెరిశాయి. అప్పుడు బూడిదతో తోమింది. ఇంకాస్త మెరిశాయి. ఆశకి అంతేముంది? ఇటుకపొడి కూడా పెట్టింది.

వెండిని విభూతితో మెత్తగా తుడవాలని పేరిందేవమ్మకి తెలుసు. అడిగితే చెప్పేదే. ఎవరడిగారు? తనపాటికి తను ఒత్తులు చేసుకుంటూ కూర్చుంది.

జడ్జీగారి బండి వీధి మలుపు తిరిగేసరికి పైనున్న వెండిపూత లేచిపోయి లోపలి ఇత్తడి బయటపడింది. ఒకచోట తెలుపు, ఒకచోట పసుపు.

నాంచారమ్మ వంటింటి గడప దగ్గరికొచ్చి నిలబడింది.

"అత్తయ్యా, పరువు పోయేలా ఉంది. మీరొచ్చి బంతి వేయించండి. మొదటి పీట మీదే."

పేరిందేవమ్మ చేతిలో ఒత్తి పూర్తిచేసి అప్పుడు లేచింది. "ముందు ఆ ఇటుకపొడి కడుక్కో," అంది.

పీటలు వేశారు, విస్తళ్ళు పరిచారు, ములక్కాడల పులుసు వడ్డించారు. జడ్జీగారి భార్య ములక్కాడ ముక్కలన్నీ నమిలి పిప్పి చేసింది. గబగబా మజ్జిగన్నం ముగించి లేవబోయింది.

"కూర్చో అమ్మా," అంది పేరిందేవమ్మ. "మా కోడలి మజ్జిగన్నం ఇంకా అవలేదు."

ఆవిడ మళ్ళీ పీట మీద సర్దుకుంది. నాంచారమ్మ తల వంచుకుని మెల్లిగా తింది. కళ్ళల్లో నీళ్ళు.

అంతటితో పేరిందేవమ్మ అంతా మర్చిపోయిందనుకున్నావా? అబ్బే! ఒక ముళ్ళ చెంచా తీసి వంటింటి గూట్లో పెట్టింది. కోడలి గొంతు లేచినప్పుడల్లా దానివంక ఒక్క చూపు చూసేది. గొంతు దిగేది.

కథేమో కంచికి,
చెంచేమో గూటికి,
చెయ్యి కడుక్కుని, మూతి తుడుచుకుని
మనమేమో పక్కకి.